ఓడ కిరాయి

14 జూన్ 2025, శనివారం

తెలుగులో రాస్తే ఈ ఇంట్లో ఎవరూ చదవరు. లతీఫ్ తెలుగు బాగా మాట్లాడతాడు గానీ చదివింది ఉర్దూ మీడియం. తరన్నుమ్‌కి ఇంటర్ పుస్తకాలు చదవడానికే బద్ధకం, ఇక అమ్మ నోటుబుక్కు తెరుస్తుందా?

పొద్దున లతీఫ్ అయిదు లక్షలు అడిగాడు. టీచర్ల సొసైటీలో లోను వస్తుందేమో కనుక్కోమన్నాడు. తాండూరు బండల యూనిట్‌కి చైనా నుంచి తెప్పించిన పాలిష్ మిషన్ ఖర్చు లెక్క మించిపోయిందట. బయట అప్పు తెచ్చి కట్టాడట.

ఫిబ్రవరిలో ఆర్డర్ పెట్టేటప్పుడు ఇదే బల్ల దగ్గర కూర్చుని చెప్పాడు. నలభై వేల డాలర్లు, అంటే ముప్పై నాలుగు లక్షల చిల్లర. ముంబై రేవు దాకా అన్నీ అందులోనే, ఓడ కిరాయి కూడా అమ్మినవాళ్లదే. మనకు పడేది సుంకం, ఆ తర్వాత లారీ కిరాయి, అంతే. ఆ మాట మీదనే బొంరాస్‌పేటలో మా అబ్బా నా పేరున పెట్టిన ఇరవై గుంటలు అమ్మి పద్నాలుగు లక్షలు తెచ్చి చేతిలో పెట్టాను.

ఇప్పుడేమో ఓడ కిరాయి వేరే పడిందట, దాంతో సుంకం కూడా పెరిగిందట. చెబుతున్నంతసేపూ నా ముఖంలోకే చూశాడు. పందొమ్మిదేళ్ల కాపురంలో డబ్బు అడిగేటప్పుడు ఏనాడూ నా ముఖం చూడలేదు. గోడను చూసేవాడు, చెప్పులు చూసేవాడు.

అబద్ధం చెప్పేవాళ్లు అలా చూస్తారని బడిలో చాలాసార్లు గమనించాను.

15 జూన్, ఆదివారం

వికారాబాద్‌లోనే, ఆలంపల్లిలో అమ్మీ ఇంటికి వెళ్లాను. మా తమ్ముడు అజహరుద్దీన్, మా అజ్జూ, భార్యాపిల్లలతో అక్కడే ఉంటాడు. రోజూ రైల్లో హైదరాబాద్ వెళ్లి వస్తాడు. విదేశీ సరుకు విడిపించే క్లియరింగ్ ఆఫీసులో పని. మిషన్ విడిపించే పని వాడికిప్పించింది నేనే. లతీఫ్ వేరే ఎవరినో అనుకున్నాడు, నేనే పట్టుబట్టాను.

ఓడ కిరాయి సంగతి అడిగితే అజ్జూ ఆశ్చర్యపోయాడు. బావను వాడు దూల్హాభాయి అంటాడు.

“దూల్హాభాయికి నేను ముందే చెప్పిన ఆపా. కిరాయిలు మస్తు పెరిగినయి, వేరే పడుతదని. నీకెందుకు చెప్పలేదో నాకేం ఎర్క?”

నేను లేచి వస్తుంటే గేటు దాకా వచ్చాడు. చెప్పాలా వద్దా అన్నట్టు కాసేపు నిలబడి, పోయిన నెలలో లతీఫ్ నాలుగుసార్లు హైదరాబాద్ వచ్చాడనీ, ఒక్కసారి కూడా తమ ఆఫీసుకు రాలేదనీ చెప్పాడు. స్టేషన్‌లో చూశాడట.

ఫికర్ చెయ్యకు అని కూడా అన్నాడు. నా తమ్ముడు కాబట్టి ఆ మాటైనా అన్నాడు.

19 జూన్, గురువారం

లతీఫ్ మళ్లీ హైదరాబాద్ వెళ్లాడు. బండలు కోసే బ్లేడ్ల కోసమట.

20 జూన్

బ్లేడ్లు తేలేదు.

22 జూన్, ఆదివారం

మేడ మీద బట్టలు తీస్తున్నాను. కింద పెరట్లో లతీఫ్ ఫోన్ మాట్లాడుతున్నాడు. గాలికి సగమే వినిపించింది. “రబియాకు ఇప్పుడే ఎర్క కావొద్దు,” అన్నాడు. ఆ తర్వాత వింటూ నిలబడ్డాడు. అవతలివాళ్లే మాట్లాడుతున్నారు.

రబియాకు. అంటే అవతలి మనిషికి నా పేరు తెలుసు.

రాత్రి అన్నం తినేటప్పుడు ఎవరి ఫోన్ అని అడిగాను. బాల్‌రాజ్ అన్నాడు. బాల్‌రాజ్ మా యూనిట్ మేస్త్రీ. నాకు తెలియకూడని సంగతి ఆయనతో ఏముంటుంది? నేను ఊరుకున్నాను. ఊరుకుంటేనే తెలుస్తాయి.

26 జూన్

తరన్నుమ్ అడిగింది, అబ్బా ప్యాంటు జేబులు ఎందుకు చూస్తున్నావని. ఉతకడానికి అన్నాను. ఉతకలేదు.

27 జూన్

ఆడమనిషే అయి ఉంటుంది. రాయకుండా ఉండాలనుకున్నాను. రాశాను.

1 జూలై, మంగళవారం

మధ్యాహ్నం సెలవు పెట్టి తాండూరు వెళ్లాను. చెప్పకుండా వెళ్లడం ఇదే మొదటిసారి. స్టేషన్ నుంచి ఆటోలో యూనిట్‌కి చేరేసరికి అయిదు దాటింది. దారి పొడవునా అవే బండల వరసలు, బురద నీళ్లు, రాతి పొడి. నా చీర మీద కూడా పడింది, అది నేను వెళ్లినదానికి సాక్ష్యమని ఇంటికొచ్చాక గానీ గుర్తు రాలేదు.

కొత్త మిషన్ నడుస్తోంది. బండ ఒకవైపు గరుగ్గా వెళ్లి రెండోవైపు అద్దంలా వస్తోంది. చూసి సంతోషించాల్సిందే. లతీఫ్ లేడు. బాల్‌రాజ్ తువ్వాలుతో కుర్చీ తుడిచి, సార్ బ్యాంకుకు పోయిండు మేడమ్ అన్నాడు. అయిదున్నరకు ఏ బ్యాంకు బాల్‌రాజ్ అంటే, చాయ్ తెస్తానని వెళ్లిపోయాడు. లతీఫే నేర్పి ఉంటాడు.

ఆయన చాయ్ తెచ్చేలోపు ఆఫీసు గదిలో అలమర తెరిచాను. తాళంచెవి దానికే వేలాడుతోంది. మిషన్ ఫైలు పైనే ఉంది. అందులో నాకు పనికొచ్చేవి నాలుగు కాగితాలు. చైనా వాళ్ల ఇన్‌వాయిస్, ఓడ వాళ్లిచ్చిన కాగితం, కస్టమ్స్ కాగితం, ఓడ కిరాయి బిల్లు. నాలుగూ ఫోన్‌లో ఫోటో తీశాను. తొందరలో నాలుగోది సరిగ్గా రాలేదు.

తిరుగు రైల్లో చూసుకుంటూ వచ్చాను. ఇన్‌వాయిస్‌లో మిషన్ ధర నలభై వేల డాలర్లు. కస్టమ్స్ కాగితంలో అదే మిషన్ విలువ నలభై నాలుగు వేల నాలుగు వందల యాభై. సుంకం ఆ పెద్ద అంకె మీద కట్టారు.

ఉన్నదాని కంటే తక్కువ చూపించి సుంకం ఎగ్గొట్టేవాళ్లుంటారని విన్నాను. ఎక్కువ చూపించి ఎక్కువ సుంకం కట్టేవాడు ఎవడు? ఖర్చు ఎక్కువైందని ఇంట్లో చెప్పడానికి కాగితం కావలసినవాడు.

3 జూలై

అజ్జూని ఫోన్‌లో అడిగాను. ధర మీద కిరాయి, బీమా కలిపి సుంకం వేయడం కస్టమ్స్ వాళ్ల పద్ధతట, అందరికీ అంతేనట. కాగితాలు నీకెక్కడివని అడిగాడు. చెప్పాను. దూల్హాభాయితో గొడవ పెట్టుకోకు ఆపా, నేను మెల్లగా కనుక్కుంటాను అన్నాడు.

వాడు ఉన్నాడు కాబట్టి ధైర్యంగా ఉంది.

5 జూలై, శనివారం

తొమ్మిదో తరగతి అక్షరను తీసుకెళ్లడానికి వాళ్ల తాత ఇమ్మానుయేలు సార్ బడికి వచ్చారు. ఆయన ముంబైలో ఇరవై ఆరేళ్లు రేవు పనుల ఆఫీసులో చేసి, రిటైరై వికారాబాద్ వచ్చారు. నాలుగు ఫోటోలూ చూపించాను. ఎవరివని చెప్పలేదు, ఒక బంధువులవన్నాను. స్టాఫ్ రూమ్‌లో కూర్చుని కళ్లద్దాలు మార్చుకున్నారు.

“మేడమ్, ఈ ఇన్‌వాయిస్‌ల ధర పక్కన మూడక్షరాలున్నయి చూడుండ్రి. సీ, ఐ, ఎఫ్.”

చూశాను. అంకెలు చూసినదాన్ని అక్షరాలు చూడలేదు.

ఆయన ఓపిగ్గా చెప్పారు. సుంకం సరుకు మన రేవుకు చేరేటప్పటి విలువ మీద పడుతుంది. ఎఫ్ఓబీ ధర అంటే అమ్మినవాడి బాధ్యత అక్కడ ఓడ ఎక్కించే దాకానే. అప్పుడు ధరకు ఓడ కిరాయి, బీమా మనం కలిపి చూపాలి. కిరాయి ఎంతో తేలకపోతే ధరలో ఇరవై శాతం, బీమా తేలకపోతే నూటికి ఒకటింపావు కంటే కాస్త తక్కువ కలుపుతారు. సీఐఎఫ్ ధర అంటే కిరాయి, బీమా అందులోనే ఉన్నట్టు. దానికి ఇక కలపాల్సింది లేదు.

“గీళ్లు సీఐఎఫ్ ధరను ఎఫ్ఓబీ అని చూపెట్టిండ్రు. కిరాయి నాలుగు వేల డాలర్లు, బీమా నాలుగు వందల యాభై మళ్ల కలిపిండ్రు. కిరాయి మీద రెండోసారి సుంకం కట్టిండ్రు.”

పొరపాటు కావచ్చు కదా అన్నాను. ఎందుకన్నానో.

ఆయన ఓడ కాగితం మీద ముద్ర చూపించారు. కిరాయి ముందే చెల్లించినట్టు దాని మీద ఉంది. “పొరపాటైతే కలిపేటప్పుడే అయితది. మరి గీ కిరాయి బిల్లు యాడికెళ్లి వచ్చింది మేడమ్? మూడు లక్షల నలభై నాలుగు వేలు ఎవనికో కట్టిండ్రు గదా. బిల్లు ఇచ్చినోళ్ల అడ్రసు మన వికారాబాదే రాసున్నది.”

ఇంటికొచ్చి ఆ నాలుగో ఫోటోను పెద్దది చేశాను. మసకగానే ఉంది, అయినా చదవొచ్చు. ఎప్పుడూ వినని కంపెనీ పేరు. కింద ఇంటి నంబరు, ఆలంపల్లి.

అమ్మీ ఇంటి నంబరు.

లతీఫ్ ఎంతకు తెగించాడు. దొరికితే మా వాళ్ల మీదకు పోయేలా అమ్మీ ఇంటి నంబరు వాడుకున్నాడు.

6 జూలై, ఆదివారం

మొహర్రం సెలవు. లతీఫ్ బయటికి వెళ్లాడు. పొద్దంతా లెక్క వేశాను. ఎక్కువ చూపించిన విలువ మీద ఎక్కువ పడిన సుంకం లక్షా ఆరు వేల చిల్లర. దొంగ కిరాయి మూడు లక్షల నలభై నాలుగు వేలు. కలిపితే నాలుగున్నర లక్షలు. ఆయన అడిగిన అయిదు లక్షలకు దగ్గరగానే ఉంది.

దొంగతనం చేసినవాడు ఆ సొమ్ము పూడ్చడానికి పెళ్లాన్ని లోను పెట్టమంటాడా? చేతిలో డబ్బు ఉన్నవాడు అప్పు ఎందుకు తెస్తాడు?

ఈ ప్రశ్న మూడుసార్లు రాసి కొట్టేశాను.

14 జూన్ నాడు రాసినప్పుడు ఒక సంగతి వదిలేశాను. ఫిబ్రవరిలో లతీఫ్ ఆ మాట చెప్పినప్పుడు బల్ల దగ్గర మేమిద్దరమే లేము. అజ్జూ కూడా ఉన్నాడు. పరోటా తుంచుకుంటూ, ముంబై దాకా అన్నీ అండ్లనే ఉంటయి దూల్హాభాయ్, మంచి బేరం అన్నది వాడే. లతీఫ్ ఆ తర్వాత అదే మాట నాకు చెప్పాడు.

రాసేటప్పుడు వదిలేస్తున్నానని తెలియదనలేను.

8 జూలై, మంగళవారం

బడి నుంచి నేరుగా అమ్మీ ఇంటికి వెళ్లాను. అజ్జూ ఏడింటి రైలుకు వచ్చాడు. అప్పటిదాకా అమ్మీ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచాను.

వాడు కాళ్లు కడుక్కుని రాగానే ఫోన్ తెరిచి బిల్లు ముందు పెట్టాను. సీఐఎఫ్ ధరను ఎఫ్ఓబీ అని ఎందుకు చూపించావని అడిగాను. ఆ అక్షరాలు నా నోట వినేసరికి వాడి ముఖం మారిపోయింది. ఆఫీసు పొరపాటు అన్నాడు. మరి బిల్లు మీద ఈ ఇంటి నంబరు ఎవరి పొరపాటు అన్నాను. ఓడ కిరాయి బిల్లు లేకపోతే ఆ విలువ కలిపినట్టు చూపించలేవు, ఆ విలువ చూపించకపోతే కిరాయి వేరే పడిందని దూల్హాభాయిని నమ్మించలేవు, అంతేనా అన్నాను. తరగతిలో తప్పు లెక్క దిద్దినట్టు చెప్పుకుంటూ పోయాను.

అజ్జూ కూర్చున్నాడు.

“బొంరాస్‌పేట భూమి అబ్బా నీ ఒక్కదాని పేరున పెట్టిండు. నేను కొడుకును. నన్ను ఒక్క మాట అడగలే, అమ్ముకున్నవ్. పద్నాలుగు లక్షలు. నేను తీస్కున్నది నా వంతు. అది గూడ తక్కువనే.”

“నీకు గీ ఇల్లు రాసిండు అజ్జూ.”

“ఇల్లు తింటమా ఆపా?”

అలా అయితే నన్నే అడగాల్సింది, లతీఫ్ మీద నా మనసు ఎందుకు విరిచావని అడిగాను. హైదరాబాద్ వచ్చాడని ఎందుకు చెప్పావు? అది నిజమే గదా, వచ్చిండు అన్నాడు. నువ్వు ఆయన దిక్కు చూస్తే నా దిక్కు చూడవనుకున్న అని కూడా అన్నాడు. దాచకుండా చెప్పాడు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

అమ్మీ అక్కడే ఉంది. చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంది. ఆమెకు ముందే తెలుసేమో. అడగలేకపోయాను.

9 జూలై, బుధవారం

తరన్నుమ్ ట్యూషన్‌కి వెళ్లాక లతీఫ్‌కి చెప్పాను. అన్నీ చెప్పాను, ప్యాంటు జేబులు, తాండూరు అలమర, ఆడమనిషి ఉందనుకోవడం కూడా. నిలబడే చెప్పాను. ఆయన మంచం అంచున కూర్చుని విన్నాడు.

ఆశ్చర్యపోలేదు.

“నాకు మే నెలలనే తెలిసింది,” అన్నాడు. “పైసలు కట్టినంక బిల్లు మీద అడ్రసు చూసిన. హైదరాబాద్‌ల ఇంకో క్లియరింగ్ ఆయనకు కాగితాలన్నీ చూపించిన. నాలుగైదుసార్లు పోయిన. ఆయననే ఫోన్ చేస్తుండె.”

మరి నాకెందుకు చెప్పలేదని అడిగాను. ఫోన్‌లో నాకు తెలియకూడదని ఎందుకు అన్నావని అడిగాను.

లతీఫ్ నా ముఖంలోకి చూడలేదు. చెప్పులు చూశాడు.

“నువ్వు గూడ ఉన్నవనుకున్న.”

మొదట అర్థం కాలేదు.

“పని అజ్జూకే ఇయ్యాలని నువ్వే పట్టు పట్టినవ్. భూమి నీది. అడ్రసు మీ అమ్మీ ఇల్లు. అమ్మిన సంది భూమి పోయిందని బాధపడుతనే ఉన్నవ్. అక్కా తమ్ముడు కలిసి జర్రంత వెనుకకు తీస్కున్నరేమో అనుకున్న. గా అయిదు లక్షలు నాకు నిజంగనే కావాలె. కానీ అడిగింది నీ ముఖం చూద్దామని.”

నా ముఖంలో ఏం కనిపించిందని అడిగాను.

“భయం,” అన్నాడు. “అది చూసి నిజమే అనుకున్న.”

ఆ భయం ఆయన అబద్ధం చెబుతున్నాడేమోనని. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర, ఇరవై అయిదు రోజులు. ఆయన నన్ను కనిపెడుతూ, నేను ఆయన్ని కనిపెడుతూ.

అరిచాను. దొంగనుకున్నవా నన్ను అని అరిచాను. ఆయన తిరిగి అరిచి ఉంటే బాగుండేది. నువ్వేమనుకున్నవ్ మరి అని మాత్రం అడిగాడు, మెల్లగా.

12 జూలై

అవసరమైనవి మాట్లాడుకుంటున్నాం. ఉప్పు, కరెంటు బిల్లు, తరన్నుమ్ ఫీజు.

15 జూలై, మంగళవారం

ఇద్దరం కలిసి ఇమ్మానుయేలు సార్ ఇంటికి వెళ్లాం. బంధువులవని చెప్పిన కాగితాలు మావేనని ఆయనకు ముందే తెలుసు. చాయ్ పెట్టించారు.

కస్టమ్స్ కాగితం సవరించమని దరఖాస్తు పెట్టుకోవచ్చట. సీఐఎఫ్ అని ఉన్న ఇన్‌వాయిస్, కిరాయి చెల్లించినట్టు ముద్ర ఉన్న ఓడ కాగితం సరుకు విడిపించిన నాటికే ఉన్నాయి కాబట్టి వింటారట. ఎక్కువ కట్టిన సుంకంలో కొంత తిరిగి రావచ్చు, కొంత వేరే పన్నులో సర్దుకోవచ్చు. ఆలస్యం చెయ్యకూడదు.

అయితే ఒకటి. ఆ కిరాయి బిల్లు ఎక్కడిదని కచ్చితంగా అడుగుతారు. అది నిజమంటే సవరణ లేదు. అబద్ధమంటే ఎవరు తయారు చేశారో రాయాలి. రాస్తే అజ్జూ ఉద్యోగం ఉండదు, కేసు కూడా కావచ్చు.

దారిలో లతీఫ్ అన్నాడు, వదిలెయ్ రబియా, లక్ష రూపాయలకు తమ్ముడిని పోగొట్టుకుంటవా అని.

మంచితనమా? లేక నేను వాడి పేరు రాస్తానో లేదో చూస్తున్నాడా? ముందు మనసులోకి వచ్చింది రెండోదే. అదీ రాసిపెడుతున్నాను.

18 జూలై

అజ్జూకి కబురు పంపాను. డబ్బు తిరిగి ఇచ్చి, జరిగింది తన చేత్తోనే రాసిమ్మన్నాను. జవాబు లేదు.

21 జూలై

జవాబు లేదు.

24 జూలై, గురువారం

రాశాను. మిషన్ కొన్న డబ్బులో నాది ఉంది, పని ఇప్పించింది నేను, కాబట్టి వాంగ్మూలం నాది కూడా ఉండాలన్నాను. లతీఫ్ వద్దన్నాడు, తన సంతకం చాలన్నాడు. నేను వినలేదు. ఫలానా కిరాయి బిల్లు మాకు ఇచ్చింది నా తమ్ముడు, పూర్తి పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు. తండ్రి పేరు రాసేటప్పుడు కలం ఆగింది. అది నా తండ్రి పేరు కూడా.

సాయంత్రం దరఖాస్తు వెళ్లిపోయింది.

2 ఆగస్టు

అజ్జూని ఆఫీసులో మానిపించారు. అమ్మీ ఫోన్ చేసింది. సలాం కూడా చెప్పలేదు. ఒక కడుపున పుట్టినోళ్లు కారా మీరు అని అడిగి పెట్టేసింది.

మళ్లీ నేను చేస్తే తీయలేదు.

17 ఆగస్టు, ఆదివారం

పొద్దున అజ్జూ వచ్చాడు. తరన్నుమ్ తలుపు తీసి, మామూ అని లోపలికి పిలిచింది. దానికి అంతా తెలియదు. వాడు గడప లోపల చెప్పులు విడిచి నిలబడ్డాడు. సన్నబడ్డాడు. ఒక కవర్ ఇచ్చాడు, అందులో అరవై వేలు. మిగిలింది నెలనెలా ఇస్తానన్నాడు. తాండూరులో కందుల అడ్తి దుకాణంలో పని చూసుకున్నాడట. కస్టమ్స్ వాళ్లు పిలిచారట, వెళ్లి ఉన్నది చెప్పి వచ్చాడట. ఇంకా ఏమవుతుందో తెలియదు.

లతీఫ్ లోపలి గదిలో ఉన్నాడు. బయటికి రాలేదు.

అజ్జూ వెళ్లేటప్పుడు తలుపు దగ్గర ఆగాడు.

“ఒకటి అడుగుత, నిజం చెప్పు ఆపా. గా కాగితం మీద నా పేరు నువ్వే రాసినవా, దూల్హాభాయి రాయించిండా?”

వాడు నాకు దారి ఇస్తున్నాడని తెలిసింది. ఆయన రాయించాడంటే చాలు. అమ్మీ నాతో మాట్లాడుతుంది. వాడూ లతీఫ్‌నే తిట్టుకుంటాడు, నన్ను కాదు.

“ఆయన వద్దన్నడు అజ్జూ. నేనే రాసిన.”

తల ఊపాడు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. వీధి మలుపు దాకా చూశాను, వెనక్కి తిరగలేదు.

లోపలికి వస్తే లతీఫ్ వంటింట్లో చాయ్ పెడుతున్నాడు. రెండు కప్పులు. జూలై తొమ్మిది నుంచి ఆయన కప్పు ఆయనే పోసుకుని తాగుతున్నాడు. నా కప్పు నా ముందు పెట్టి పక్కన కూర్చున్నాడు. నేను అజ్జూతో అన్నది విన్నాడు, వినకుండా ఎలా ఉంటాడు, మధ్యలో ఒక కర్టెనే కదా. వాడు అన్నం తిని వచ్చిండో లేదో అడగాల్సుండె అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆయన ఏడవనిచ్చాడు.

ఇప్పుడు మధ్యాహ్నం, ఆయన నిద్రపోతున్నాడు, వాన పడుతోంది. ఒక సంగతి మాత్రం తేలడం లేదు. లతీఫ్ కర్టెన్ వెనక వింటున్నాడని అజ్జూకి జవాబు చెప్పేటప్పుడు నాకు తెలుసు. ఆయన ఇంట్లో లేకపోయినా అదే చెప్పేదాన్నా? చెప్పేదాన్నే అనుకుంటున్నాను. కానీ ఈ మధ్య నేను అనుకున్నవేవీ నిజం కాలేదు.